పాస్టర్ గారు అధ్యక్షుడైతే చాలా? మలావి దేశం నేర్పే పాఠం

(కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలోని తెలుగు క్రైస్తవ యువత ఆన్‌లైన్ కూడికలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే, కొద్దిపాటి సవరణలతో.)



పోయిన కూడిక చివర్లో సోలాపూర్ నుండి ఒక తమ్ముడు అడిగాడు. "పాస్టర్ గారూ, ఎన్నాళ్ళని అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాం? నిజంగా దేవుని భయం ఉన్న మనవాడొకడు కుర్చీ ఎక్కితే ఈ బాధలన్నీ తీరిపోవా?" వెంటనే చాటింగ్‌లో వరసగా 'ఆమేన్', 'ఆమేన్' అని వచ్చాయి. సమయం అయిపోవడంతో జవాబు ఈసారి చెప్తానన్నాను.

ఆ ప్రశ్నకు మన దగ్గరి ఉదాహరణ తీసుకుంటే పది నిమిషాల్లో పార్టీల గొడవలో పడిపోతాం. అందుకే ఈ సాయంత్రం మిమ్మల్ని ఆఫ్రికాలోని మలావి దేశానికి తీసుకెళ్తాను. ఆ తమ్ముడు కోరుకున్నది అక్కడ అచ్చంగా జరిగింది. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘానికి 24 ఏళ్ళు నాయకుడిగా ఉన్న పాస్టర్, దైవశాస్త్రం చదివి, బోధించిన మనిషి, 2020లో ఆ దేశాధ్యక్షుడయ్యాడు. ఆయన పేరు లాజరస్ చక్వేరా.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. అప్పుడు మనకు కరోనా రోజులు. మేం బియ్యం, పప్పు కిట్లు పంచుతూ తిరుగుతున్నాం. ఫోన్లో ఆ వార్త చూసి పొంగిపోయాను. ఆ ఆదివారం ఆన్‌లైన్ ఆరాధనలో సంఘమంతటితో స్తోత్రం చెప్పించాను. వాట్సాప్ స్టేటస్‌లో ఆయన ఫోటో పెట్టాను. ఐదేళ్ళ తర్వాత, 2025 సెప్టెంబరులో, అదే మలావి ప్రజలు అదే పాస్టర్ గారిని ఓడించి ఇంటికి పంపారు. ఆ రోజు నేను ఏ స్టేటసూ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని నన్ను నేను అడుక్కుంటే దొరికిన జవాబే ఈ ప్రసంగం.

మలావి ఆఫ్రికాకు ఆగ్నేయాన ఉంది. చుట్టూ టాంజానియా, జాంబియా, మొజాంబిక్. సముద్రం లేదు గానీ, సముద్రంలాంటి పెద్ద సరస్సు ఉంది. రాజధాని లిలాంగ్వే. 2018 జనాభా లెక్కల ప్రకారం సుమారు కోటీ 75 లక్షల మంది. వాళ్ళలో నూటికి 77 మంది క్రైస్తవులు, 14 మంది ముస్లింలు. ఎక్కువమంది చిన్న రైతులు. మొక్కజొన్న పిండితో మన సంకటిలాంటి ముద్ద వండుకుంటారు, దాన్ని 'న్సిమా' అంటారు. విదేశాలకు అమ్మే పంటల్లో మొదటిది పొగాకు. ప్రపంచంలోని బాగా పేద దేశాల్లో అదొకటి.

పెద్దగారి ముప్పై ఏళ్ళు

మలావి ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళ కింద ఉండేది. అప్పటి పేరు న్యాసాలాండ్. తెల్లవారి తోటల్లో కూలీల మీద జరిగే దౌర్జన్యానికి ఎదురు తిరిగిన వాళ్ళలో మొదట వినిపించే పేరు జాన్ చిలెంబ్వే. ఆయనా బాప్టిస్టు పాస్టరే. మొదటి ప్రపంచ యుద్ధంలో మా మనుషుల్ని మీ యుద్ధానికి ఎందుకు చంపిస్తున్నారని పత్రికకు ఉత్తరం రాశాడు. 1915 జనవరిలో తిరుగుబాటు చేశాడు. ఫిబ్రవరి 3న ఆయన్ని కాల్చి చంపారు. ఆయన ఎంచుకున్న హింసామార్గాన్ని నేను సమర్థించను. కానీ ఆయన అడిగిన ప్రశ్నను ఎవరూ చంపలేకపోయారు. ఈ రోజు ఆ దేశపు నోట్ల మీద ఆయన బొమ్మ ఉంది. ఫిబ్రవరి 3 అనే తేదీని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

1964 జూలై 6న స్వాతంత్ర్యం వచ్చింది. నాయకుడు డాక్టర్ హేస్టింగ్స్ కముజు బండా. చదువుకున్నవాడు, వైద్యుడు, స్కాట్లండ్ సంఘంలో పెద్ద. మన భాషలో చెప్పాలంటే 'మనవాడే', 'దేవుని భయం ఉన్నవాడే'. 1966కల్లా దేశంలో ఒకే పార్టీ మిగిలింది, అది ఆయన మలావి కాంగ్రెస్ పార్టీ. 1971లో ఆయన జీవితకాల అధ్యక్షుడయ్యాడు. అంటే ఇక ఎన్నికతో పని లేదు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. పార్టీ కార్డు లేకపోతే బస్సెక్కనివ్వరు, సంతలోకి రానివ్వరు. తమ విశ్వాసం ఒప్పుకోదని కార్డు కొనని యెహోవా సాక్షులను 1967లో నిషేధించారు. కొట్టారు, ఇళ్ళు తగలబెట్టారు, వేలమందిని దేశం నుండి తరిమారు. 1983లో ముగ్గురు మంత్రులూ, ఒక ఎంపీ కారు ప్రమాదంలో చనిపోయారని ప్రకటించారు. అది ప్రమాదం కాదు, హత్య అని తర్వాత విచారణలో తేలింది.

భాష విషయం మీకు ప్రత్యేకంగా చెప్పాలి. మనలో చాలామంది ఇంట్లో తెలుగు, బయట కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో మాట్లాడుతూ పెరిగాం కదా. 1968లో బండా ప్రభుత్వం చిచేవా భాషను జాతీయ భాషగా ప్రకటించింది. ఉత్తరాన లక్షలమంది మాట్లాడే టుంబుకా భాషను బడుల నుండి, రేడియో నుండి తీసేసింది. 1989లో ఉత్తరాది ఉపాధ్యాయులంతా మీ ప్రాంతానికే వెళ్ళి పాఠాలు చెప్పుకోండని ఆజ్ఞ వేసింది. ఏళ్ళ తరబడి ఒక ఊళ్ళో పాఠం చెప్పిన మాస్టారు ఒక్కసారిగా 'పైవాడు' అయిపోయాడు. తాతల కాలం నుండి ఒకే చోట ఉంటున్నా "మీది ఏ ఊరు?" అనిపించుకునే మనకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి ఈ ముప్పై ఏళ్ళూ సంఘాలు ఏం చేశాయి? చాలావరకు ప్రార్థన చేశాయి. ప్రభుత్వ సభలు మొదలుపెట్టేటప్పుడు దీవెన ప్రార్థన చేశాయి. మధ్య ప్రాంతంలోని ప్రెస్బిటేరియన్ సినడ్ ఒకటి బండాకు బాగా దగ్గర. బడులూ ఆసుపత్రులూ నడుస్తున్నాయి కదా, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాయి మిగతావి. ఇది మలావి వాళ్ళను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. కలెక్టర్ గారు క్రిస్మస్ కేకు కోయడానికి వస్తే ఆ రోజు శ్మశాన స్థలం సంగతి ఎత్తకుండా ఊరుకున్న పాస్టర్లలో నేనూ ఒకణ్ణి.

ఒక ఆదివారం చదివిన ఉత్తరం

1992 మార్చి 8. లెంటు దినాల్లో మొదటి ఆదివారం. దేశంలోని కతోలిక సంఘాలన్నిటిలో ఒకే ఉదయం ఒకే ఉత్తరం చదివారు. ఏడుగురు బిషప్పులు సంతకం చేసిన కాపరి లేఖ అది. రహస్యంగా అచ్చు వేయించి, వేల ప్రతులు ఊరూరికీ చేరవేశారు.

అందులో తిట్లు లేవు. అధ్యక్షుడు దిగిపోవాలన్న మాట లేదు. తాము కళ్ళారా చూస్తున్నవి రాశారు. కొందరు బాగా ధనవంతులవుతున్నారు, ఎక్కువమంది మరీ పేదలవుతున్నారు. కూలి డబ్బులు బతకడానికి చాలడం లేదు. బడిలో పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. ఆసుపత్రుల్లో మందుల్లేవు, డబ్బున్నవాడికో వైద్యం, లేనివాడికో వైద్యం. లంచం, బంధుప్రీతి పెరిగిపోయాయి. నిజం చెప్పే వీలు లేదు. అంతే.

జనం చప్పట్లు కొట్టారు, కొన్నిచోట్ల ఏడ్చారు. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో తలుపులేసుకుని గుసగుసగా చెప్పుకున్న మాటలు మొదటిసారి బలిపీఠం దగ్గర నిలబడి పైకి చదువుతున్నారు. ప్రభుత్వం బిషప్పులను పోలీసుల దగ్గరికి పిలిపించింది. ఆ లేఖ దగ్గర ఉంచుకోవడమే నేరమంది. బిషప్పులను చంపేద్దామని పార్టీ సమావేశంలో మాట్లాడుకున్న మాటలు బయటికి పొక్కాయి. ఒక ఐరిష్ గురువును దేశం నుండి పంపేశారు.

కానీ మాట బయటపడింది. విద్యార్థులు వీధిలోకి వచ్చారు. కార్మిక నాయకుడు చకుఫ్వా చిహానా విదేశం నుండి తిరిగొచ్చి విమానాశ్రయంలోనే అరెస్టయ్యాడు. బ్లాంటైర్ నగరంలో బట్టల మిల్లు కార్మికులు సమ్మె చేశారు, కాల్పుల్లో ఎంతోమంది చనిపోయారు. సాయం చేసే దేశాలు డబ్బు ఆపేశాయి. ప్రెస్బిటేరియన్ సంఘాలు గొంతు కలిపాయి. తర్వాత ముస్లిం సంఘాలతో కూడా కలిసి పబ్లిక్ అఫైర్స్ కమిటీ అనే వేదిక ఏర్పడింది. 1993 జూన్ 14న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఒకే పార్టీ కావాలా, పలు పార్టీలు కావాలా? నూటికి 63 మందికి పైగా పలు పార్టీలు కావాలన్నారు. 1994 మే 17న జరిగిన ఎన్నికల్లో బండా ఓడిపోయాడు. క్రైస్తవులు అంత ఎక్కువగా ఉన్న దేశం బకిలి ములూజీ అనే ముస్లిం నాయకుణ్ణి అధ్యక్షుడిగా ఎన్నుకుంది. సంఘంలో పెద్ద ముప్పై ఏళ్ళు ఏలిన తర్వాత, జనానికి కావలసింది గౌరవంగా బతకనిచ్చే పాలన. పాలించేవాడి మతం వాళ్ళకు అడ్డు రాలేదు.

వాళ్ళు రాసుకున్న రాజ్యాంగం

మోసపోయినవాళ్ళు రాసుకున్న రాజ్యాంగం అది. 1994లో తాత్కాలికంగా, 1995 మే నుండి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్తాను.

మన దగ్గర మనం ఎంపీని ఎన్నుకుంటాం, ఎంపీలు ప్రధానిని నిలబెడతారు. అక్కడ అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. దేశాధినేతా ఆయనే, ప్రభుత్వాధినేతా ఆయనే. ఐదేళ్ళ పదవి. వరసగా రెండుసార్లకు మించి కుదరదు. జీవితకాల అధ్యక్షుణ్ణి చూసినవాళ్ళు పెట్టుకున్న కంచె ఇది.

ఉపాధ్యక్షుడి పేరు కూడా అదే బ్యాలెట్‌లో, అధ్యక్షుడి పేరు పక్కనే ఉంటుంది. ఇద్దర్నీ ప్రజలే ఎన్నుకుంటారు. అందుకే కోపం వచ్చిందని అధ్యక్షుడు ఉపాధ్యక్షుణ్ణి తీసేయలేడు. ఇదొక్కటి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

చట్టసభ ఒక్కటే, నేషనల్ అసెంబ్లీ. మొన్నటిదాకా 193 స్థానాలు, 2025 ఎన్నికలకు 229 చేశారు. రాజ్యసభలాంటి రెండో సభ రాజ్యాంగంలో ఉండేది గానీ, ఏర్పాటు కాకుండానే 2001లో రద్దు చేశారు. 2014 నుండి అధ్యక్షుడికీ, ఎంపీకీ, స్థానిక కౌన్సిలర్‌కూ ఒకే రోజు ఓటేస్తున్నారు. అంతకుముందు 2000 నుండి 2014 వరకు స్థానిక ఎన్నికలే జరగలేదు. పైవాళ్ళకు కింది కుర్చీలంటే ఎప్పుడూ భయమే. పల్లెల్లో వంశపారంపర్యంగా వచ్చే పెద్దలు కూడా ఉంటారు. వాళ్ళకు ప్రభుత్వమే భత్యం ఇస్తుంది. అందుకని అధికారంలో ఉన్న పార్టీ వైపు మొగ్గుతారని విమర్శ ఉంది.

వీటన్నిటికీ పునాది 12వ సెక్షన్. అధికారమంతా ప్రజలదనీ, పాలకుడి చేతిలో ఉన్నది ప్రజలు నమ్మి అప్పగించినదేననీ దాని సారం. మనం సంఘంలో గృహనిర్వాహకత్వం అంటామే, అదే. కానుక పెట్టె తాళం నా దగ్గర ఉంది కాబట్టి డబ్బు నాది కాదు కదా.

ఇలాంటి మాటలు కాగితం మీద చాలా దేశాల్లో ఉన్నాయి. మలావిలో వాటికి పరీక్షలు వచ్చాయి.

మొదటిది 2002లో. ములూజీకి రెండు దఫాలు అయిపోవస్తున్నాయి. పరిమితి తీసేయాలని ఆయన వర్గం సభలో సవరణ పెట్టింది. సంఘాలు ఎదురు తిరిగాయి, లాయర్లు ఎదురు తిరిగారు. ఎంపీలను వాళ్ళ వాళ్ళ నియోజకవర్గాల జనం నిలదీశారు. 128 ఓట్లు కావాలి, 125 వచ్చాయి. మూడు ఓట్లు! తమ్ముళ్ళూ, 'మనం ముగ్గురం అడిగితే ఏం మారుతుంది' అని ఇంకెప్పుడూ అనకండి.

రెండోది 2012 ఏప్రిల్లో. అధ్యక్షుడు బింగు వా ముతారికా గుండెపోటుతో చనిపోయారు. ఉపాధ్యక్షురాలు జాయిస్ బండా. ఆమెను అప్పటికే పార్టీ నుండి వెళ్ళగొట్టారు, ఆమె వేరే పార్టీ పెట్టుకుంది. ఆమెకు కుర్చీ దక్కకూడదని కొందరు మంత్రులు మంతనాలు సాగించారు. కానీ పార్టీ వెళ్ళగొట్టినా పదవి పోలేదు, ప్రజలు ఎన్నుకున్న పదవి కదా. సైన్యం కూడా రాజ్యాంగం వైపే నిలబడింది. ఏప్రిల్ 7న ఆమె ప్రమాణం చేసింది. బల్లెం ఎత్తకుండా అధికారం చేతులు మారింది.

వైట్‌నర్ ఎన్నికలు

మూడోది అన్నిటికంటే పెద్దది. 2019 మే 21న ఎన్నికలు జరిగాయి. అధ్యక్షుడిగా ఉన్న పీటర్ ముతారికాకు 38.57 శాతం, పాస్టర్ చక్వేరాకు 35.41 శాతం, అప్పటి ఉపాధ్యక్షుడు సౌలోస్ చిలిమాకు 20.24 శాతం వచ్చాయన్నారు. మొదటి ఇద్దరికీ తేడా సుమారు లక్షా 59 వేల ఓట్లు. ముతారికా గెలిచాడని ప్రకటించారు.

అప్పుడు ఫలితాల కాగితాలు బయటికొచ్చాయి. పోలింగ్ కేంద్రంలో లెక్కపెట్టి రాసిన అంకెల మీద వైట్‌నర్ పూసి వేరే అంకెలు రాసి ఉన్నాయి. మనం బడిలో తప్పు దిద్దుకోవడానికి వాడిన తెల్లరంగు సీసాతో ఒక దేశం తీర్పును దిద్దారు. జనం దానికి వైట్‌నర్ ఎన్నికలని పేరు పెట్టుకున్నారు.

నెలల తరబడి జనం వీధుల్లో ఊరేగారు. కొన్నిచోట్ల పోలీసులు దౌర్జన్యం చేస్తే, సైనికులు ఊరేగింపు పక్కన నడిచి కాపాడిన సందర్భాలున్నాయి. అల్లర్లూ జరిగాయి, మనుషులు చనిపోయారు, అదీ దాచకూడదు. మరోవైపు చిలిమా, చక్వేరా కోర్టుకెళ్ళారు. ఐదుగురు న్యాయమూర్తులు నెలల తరబడి సాక్ష్యాలు విన్నారు. వాళ్ళకు లంచం ఎర చూపిన ఒక సంపన్నుడి సంగతి న్యాయమూర్తులే బయటపెట్టారు. తర్వాత అతనికి శిక్ష పడింది.

తీర్పు రోజు ఆ ఐదుగురూ తూటాలు దిగని కోట్లు వేసుకుని, సైన్యం కాపలాతో కోర్టుకు వచ్చారు. 500 పేజీల తీర్పు. దాదాపు పది గంటలు చదివారు. దేశమంతా రేడియో పెట్టుకుని వింది. ఎన్నిక చెల్లదన్నారు. దాంతోపాటు ఇంకో మాట చెప్పారు. రాజ్యాంగం 'మెజారిటీ' అన్నదంటే సగానికి పైగా అనే అర్థం. 2014లో నూటికి 36 ఓట్లతో అధ్యక్షుడైపోయారు, ఇకమీదట అది కుదరదు, నూటికి 50 దాటాలి.

ఆ తీర్పు వచ్చిన తేదీ 2020 ఫిబ్రవరి 3. చిలెంబ్వే పాస్టర్ గారిని కాల్చి చంపిన రోజు. 105 ఏళ్ళ కింద తూటా మాట్లాడిన రోజున ఈసారి చట్టం మాట్లాడింది.

మే నెలలో సుప్రీం కోర్టు కూడా ఆ తీర్పును సమర్థించింది. ప్రధాన న్యాయమూర్తిని పదవీ విరమణకు ముందే సెలవు మీద పంపేయాలని ప్రభుత్వం చూస్తే, లాయర్లు నల్లకోట్లతో రోడ్డెక్కారు. జూన్ 23న మళ్ళీ ఎన్నికలు జరిగాయి. చక్వేరా 58 శాతం పైగా ఓట్లతో గెలిచాడు. ఆఫ్రికాలో కోర్టు రద్దు చేసిన అధ్యక్ష ఎన్నిక కెన్యా తర్వాత ఇదే. రద్దయ్యాక మళ్ళీ జరిగిన ఎన్నికలో ప్రతిపక్షం గెలవడం మాత్రం ఇదే మొదటిసారి.

నేను స్టేటస్ పెట్టింది ఆ రోజే. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు స్తోత్రం చెప్పాల్సిన వాటిలో ముఖ్యమైనది వేరే ఉంది. కాగితం మీద తెల్లరంగు గమనించిన పోలింగ్ ఏజెంటు ఉన్నాడు. లంచం కాదన్న న్యాయమూర్తి, ఊరేగింపు పక్కన నడిచిన జవాను ఉన్నారు. వీళ్ళెవరి ఫోటో నేను పెట్టలేదు. గెలిచిన పాస్టర్ ఫోటో ఒక్కటే పెట్టాను.

పాస్టర్ గారి పాలన

మరి పాస్టర్ గారి పాలన ఎలా సాగింది? ఆయన చెడ్డవాడని చెప్పడానికి నేను రాలేదు. కరోనా మీద పడింది. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను వందల ప్రాణాలు తీసుకుంది. 2024లో కరువు. ఆ కష్టాలు ఎవరికైనా కష్టాలే.

కానీ జనం మోసిన బరువులన్నీ ఆకాశం నుండి ఊడిపడలేదు. మొదటి మంత్రివర్గంలోనే ఒకరికొకరు బంధువులు కనిపించారు. బంధుప్రీతి మీదే కదా 1992లో బిషప్పులు రాసింది! పది లక్షల ఉద్యోగాలన్న వాగ్దానం వాగ్దానంగానే మిగిలింది. వాళ్ళ కరెన్సీ క్వాచా విలువను 2022 మేలో 25 శాతం, 2023 నవంబరులో 44 శాతం తగ్గించారు. ధరల పెరుగుదల 30 శాతం దాటిన నెలలున్నాయి. పెట్రోలు బంకుల దగ్గర మైళ్ళ పొడవు వరసలు. అవినీతి కేసులు సాగిసాగి నీరుగారిపోతున్నాయని జనం విసిగిపోయారు. 2024 జూన్ 10న విమాన ప్రమాదంలో ఉపాధ్యక్షుడు చిలిమా, మరో ఎనిమిది మంది చనిపోయారు. దేశం కుంగిపోయింది.

ఈ సమయంలో సంఘం ఏం చేసింది? 2024లో కతోలిక బిషప్పులు మళ్ళీ ఒక కాపరి లేఖ రాశారు. మలావి విషాద గాథ అని దానికి పేరు. 1992లో సంఘ పెద్ద అయిన నియంతకు అద్దం పట్టినట్టే, 2024లో పాస్టర్ అయిన అధ్యక్షుడికీ అద్దం పట్టారు. తోటి దైవజనుడు కదా, మన మధ్య మాట బయట పడకూడదు అనుకోలేదు. చక్వేరా గారు కూడా వాళ్ళను జైల్లో పెట్టలేదు. ఆ తేడా చిన్నది కాదు.

2025 సెప్టెంబరు 16న ఎన్నికలు. ముతారికాకు 56 శాతం పైగా, చక్వేరాకు 33 శాతం. అవును, వైట్‌నర్ ఎన్నిక రద్దయిన ఆ ముతారికానే, 85 ఏళ్ళ వయసులో, తిరిగొచ్చాడు. ఆనాటి ఎన్నికల సంఘం అధ్యక్షురాలు జేన్ అన్సా ఇప్పుడు ఉపాధ్యక్షురాలు. కథ ఇలా ముగియాలని మనం రాసుకోం. ప్రజలు తప్పు చేశారని మీరు అనుకోవచ్చు. వాళ్ళకు ఆ హక్కు ఉంది. ఈసారి 50 శాతం దాటి వచ్చిన తీర్పు అది. అధికారిక ప్రకటన రాకముందే సెప్టెంబరు 24న చక్వేరా టీవీలో ఓటమి ఒప్పుకున్నాడు. ఆయన పాలనలో నాకు బాగా నచ్చిన రోజు అదే.

తమ్ముడికి జవాబు

ఇప్పుడు సోలాపూర్ తమ్ముడి ప్రశ్నకు వస్తాను.

ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయం ఇంటికెళ్ళి చదవండి. ఇశ్రాయేలుకు రాజు రాకముందే రాజు ఎలా ఉండాలో అక్కడ చెప్పారు. అతడు వాళ్ళలో ఒకడే, సహోదరుడే, మనవాడే. అయినా 'మనవాడు కదా' అని వదిలేయలేదు. గుర్రాలు పెంచుకోకూడదు, భార్యలను పోగుచేసుకోకూడదు, వెండి బంగారాలు కూడబెట్టుకోకూడదు. ధర్మశాస్త్రానికి నకలు రాసుకుని రోజూ చదవాలి. తన తోటివాళ్ళకంటే తాను గొప్పవాణ్ణని అనుకోకూడదు. అంటే దేవుడే రాజు చుట్టూ కంచె వేశాడు. సొలొమోను జ్ఞానం కోసం ప్రార్థన చేసినవాడే. ఆ మూడు కంచెలూ దాటాడు.

దేవుని భయం ఉన్నవాడు కుర్చీ ఎక్కడం మంచిదే, తమ్ముడూ. మీలో ఎవరైనా వార్డుకు నిలబడితే నేను వచ్చి ఇంటింటికీ తిరుగుతాను. కానీ ఆ భయాన్ని నమ్ముకుని లెక్క అడగడం మానేస్తే, మనం అతనికే అన్యాయం చేసినట్టు. కంచె లేని చేను ఎవరి చేనైనా ఒకటే. బండా గారికి ముప్పై ఏళ్ళు లెక్క అడిగినవాళ్ళు లేరు, ఆయన ఏమయ్యాడో చూశాం. చక్వేరా గారిని బిషప్పులు, కోర్టు, పత్రికలు, చివరికి ఓటరు అడిగారు. ఆయన మనిషిగా, మర్యాదగా ఇంటికెళ్ళగలిగాడు.

మనకు ఇందులో పని ఏముంది? పెద్ద పనులేమీ చెప్పను. ఆ ఏడుగురు బిషప్పులు చేసింది ఏమిటి? తమ ఊళ్ళో బడి, ఆసుపత్రి, కూలి ఎలా ఉన్నాయో చూసినట్టు రాసి, సంతకం పెట్టారు. మీరూ మీ బస్తీలో బడి, నీళ్ళు, శ్మశానం ఎలా ఉన్నాయో ఒక పేజీ రాయండి. అది మన సంఘస్థుల బస్తీ గురించే కాదు, పక్క వీధి ముస్లింల గురించీ, వేరే భాష మాట్లాడే కూలీల గురించీ రాయండి. కింద పేరు పెట్టండి. పేరు లేని అర్జీకి బలం లేదు. రెండోది, ఎన్నికలొస్తే జెండా పట్టుకునే పని అందరూ చేస్తారు. మీరు పోలింగ్ ఏజెంటుగా కూర్చోండి. సాయంత్రం దాకా కూర్చుని, అంకెల కాగితం చేతికొచ్చేదాకా లేవకండి.

మూడోది అన్నిటికంటే కష్టం. మనవాడు తప్పు చేసినప్పుడు ముందు మనమే అడగాలి. దాన్ని మన సంఘంలోనే మొదలుపెట్టండి. వచ్చే నెల మా సంఘంలో వార్షిక లెక్కలు చదువుతాం. చదివేది నేనే. ఏళ్ళ తరబడి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు, అందరూ 'ఆమేన్' అని చేతులెత్తారు. ఈసారి యువతను ముందు వరసలో కూర్చోమన్నాను, రసీదులు కూడా చూడమన్నాను.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ఎంత ఆలస్యమైనా ఉంటాను.